తెర వెలిగింది, పంతులేడి?

మా గూడేనికి ఒక వానాకాలం మొదట్లో పెద్ద టీవీ వచ్చింది. తారు రోడ్డు ఉన్నంత దూరం ఆటోలో వచ్చింది. అక్కడి నుంచి ఎడ్లబండి ఎక్కింది. వాగు దగ్గర బండి దిగబడితే నలుగురు మగవాళ్లు పెట్టెను నెత్తిన పెట్టుకొని మోకాలి లోతు నీళ్లలో దాటించారు. బడి గోడకు మేకులు కొట్టి బిగించారు, ఫొటో తీసుకున్నారు. బిగించడానికి వచ్చిన పిల్లవాడు కాగితం మీద సంతకం కోసం పంతులును అడిగాడు. పంతులు లేడు. ఆయన్ను డిప్యుటేషన్ మీద ఇంకో ఊరికి పంపి అప్పటికి నెలన్నర. చివరికి మధ్యాహ్నం వంట చేసే ఆమె సంతకం పెట్టింది. ఆమెకు వచ్చిన అక్షరాలు మూడే, మూడూ ఆమె పేరులోవే.

ఆ సాయంత్రం గూడెం గూడెమంతా బడికి పోయి టీవీ చూసింది. బాగుంది. ఎవరం బాగాలేదనలేదు. మరుసటి సోమవారం పిల్లలు బడికి పోయి కూర్చుంటే దాన్ని వేసేవాళ్లు లేరు, వేసినా ఏం చూపించాలో తెలిసినవాళ్లు లేరు. నెల తిరిగేసరికి వంటామె దాని మీద పాత చీర కప్పింది, పొగ పట్టకుండా.

ఇది రాద్దామని మా రచయితలం కూర్చొని అనుకున్నప్పుడు మాలో ఒక పెద్దాయన అడ్డం పడ్డాడు. "ఇట్ల రాస్తే ఏమంటరు? అడివోళ్లు, మిషన్లంటే భయపడుతరు అంటరు" అన్నాడు. అంటారు. మేం ఏం మాట్లాడినా ముందు అదే అన్నారు. కాబట్టి మొదటే చెప్పేస్తున్నాం. మాకు మిషన్లంటే భయం లేదు. దండారి దినాల్లో గుస్సాడీల ఆట మా పిల్లల ఫోన్లలో ఎక్కడెక్కడికో పోతున్నది. కేస్లాపూర్ నాగోబా జాతరకు రాలేనివాళ్లు వీడియో కాల్‌లో మొక్కుతున్నారు. మా గొడవ టీవీతో కాదు. పంతులు కూర్చోవాల్సిన చోట టీవీని పెట్టి, పంతులు వచ్చినట్టు లెక్క రాసుకుంటున్నవాళ్లతో.

ఒకటో తరగతి పిల్లతో మొదలుపెడదాం. ఆమె పేరు రాయం, అట్లాంటివాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. ఇంట్లో గోండి తప్ప ఇంకోటి వినలేదు. బడికి వస్తుంది. తెర మీద బొమ్మ టీచరమ్మ నవ్వుతూ "ఇక్కడ ఒక చెట్టు ఉంది" అంటుంది. మా భాషలో 'ఉంది' అంటే ఒకటి. ఉంది, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్ అని మా లెక్క. పిల్ల ఒక వేలు చూపిస్తుంది. తెరకు ఆ వేలు కనిపించదు. తెర తన దారిన "ఏరు ప్రవహిస్తోంది" అంటుంది. మాకు 'ఏర్' అంటే నీళ్లు, తాగే నీళ్లు, కడవలో ఉండే నీళ్లు. కడవలో నీళ్లు ఎట్లా ప్రవహిస్తాయని ఆ పిల్లకు అనుమానం. అడగాలి. ఎవరిని అడగాలి? తెరకు చెవులు లేవు. గోండి తెలిసిన పంతులయితే ఆ వేలు చూడగానే నవ్వి, "అవ్, నీ ఉంది వేరు, తెలుగు ఉంది వేరు" అని ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. అప్పుడు ఆ పిల్లకు ఒక పాఠంలో రెండు భాషలు వచ్చినట్టు. తెర ముందు ఆమెకు ఉన్న భాష తప్పయిపోయింది, రాని భాష రాలేదు.

మూడేళ్లు ఇట్లా కూర్చున్న పిల్లను పట్టుకొని, ఐదో తరగతిలో పరీక్ష పెట్టి, "గిరిజన విద్యార్థుల అభ్యసన స్థాయి తక్కువ" అని నివేదిక రాస్తారు. నివేదిక చదివిన ఆఫీసరు దానికి మందుగా ఇంకో యాప్ తెస్తాడు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు ఉండేవారు. వ్యావహారిక తెలుగు కోసం కొట్లాడిన మనిషిగానే ఆయన్ను బడుల్లో చెబుతారు. దానికంటే ముందు ఆయన సవర నేర్చుకున్నారు. సవరల దగ్గర కూర్చొని, వాళ్ల మాటలు రాసుకొని, సవరలో వాచకాలు తయారుచేసి, సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఆయన దగ్గర పలక, బలపం, ఓపిక తప్ప ఏం లేవు.

మా ఆదిలాబాద్ వైపు చూడండి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపిన తర్వాత నిజాం సర్కారుకు గోండుల సంగతి తెలుసుకోవాల్సి వచ్చింది. హైమెండార్ఫ్ వచ్చి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో మార్లవాయిలోనే గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు అచ్చేశారు, నాగరి లిపిలో. ఆయన పని మీద మాకూ కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి, అది వేరే వ్యాసం. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో కరెంటు స్తంభం లేని చోట వాళ్లకు తట్టిన మొదటి ఆలోచన, గోండు పిల్లకు గోండు పంతులు కావాలని. ఎనభై ఏళ్ల తర్వాత, ఊరికో టవర్ అంటున్న కాలంలో, ఆ ఆలోచన ఎవరికీ తట్టడం లేదు.

తట్టిన సందర్భం ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి, తెలుగు లిపిలోనే. మాలో కొందరం ఆ పుస్తకాల తయారీలో కూర్చున్నవాళ్లమే. పిల్ల మొదటి పేజీ తిప్పి తన ఇంటి మాట అచ్చులో చూసి పక్కవాణ్ని మోచేత్తో పొడిచిన రోజు మాకు గుర్తుంది. తర్వాత ఏమైంది? పుస్తకం అచ్చయిన ఏడు పంతులు లేడు, పంతులు ఉన్న ఏడు పుస్తకం రాలేదు. గౌరవ వేతనం మీద పెట్టుకున్న భాషా వలంటీర్లకు ఆ వేతనం నెలల తరబడి ఆగింది. వాళ్లు పత్తి ఏరడానికి పోయారు. ఎవరూ రద్దు చేయలేదు. అట్లా ఎండిపోనిచ్చారు.

ఇక జీవో 3. 2000 జనవరిలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో పంతులు ఉద్యోగాలు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న జీవో. దాని మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. కానీ మా గూడేల్లో దాని అర్థం చాలా చిన్నది, చాలా పెద్దది. పిల్ల ఏడిస్తే ఎందుకు ఏడ్చిందో తెలిసే మనిషి బడిలో ఉండడం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. దేశం మొత్తం లాక్‌డౌన్‌లో తలుపులు మూసుకొని కూర్చున్న నెల అది. మేం రోడ్డెక్కడానికి కూడా లేదు. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను కోర్టు కదిలించలేదు, నిజమే. రాబోయేవాళ్ల దారి మూసుకుపోయింది. డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్న మా పిల్లలు ఈ రోజు ఏం చేస్తున్నారో చూడాలంటే మండల కేంద్రంలో ఏ జిరాక్స్ షాపుకైనా పోండి.

అదే 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ మీద పాఠాలు మొదలుపెట్టారు. బళ్లు మూసి ఉన్నాయి, ఏదో ఒకటి చేయాలి, తప్పు పట్టడం లేదు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఇళ్లకు వచ్చేశారు. గూడెంలో టీవీ ఉన్న ఇళ్లు రెండో మూడో. వానకు కరెంటు పోతే మూడు రోజులు. సిగ్నల్ కోసం పిల్లలు గుట్ట ఎక్కారు, గుట్ట మీద మేకలు మేపారు, మేకలు మేపడానికి బాగా అలవాటుపడ్డారు. బళ్లు తెరిచాక అందరూ తిరిగి రాలేదు. ఆడపిల్లల్లో కొందరికి ఆ సందులోనే పెళ్లిళ్లు అయిపోయాయి. ఆ రెండేళ్ల నుంచి సర్కార్లు నేర్చుకున్న పాఠం ఏమిటి? పిల్లకు దగ్గరగా మనిషి ఉండాలని మేం అనుకున్నాం. ఇంకా ఎక్కువ తెరలు కొనాలని వాళ్లు అనుకున్నారు.

ఆంధ్ర వైపు 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, పంతుళ్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. పాఠాలు ముందే నింపి ఇచ్చారు. తరగతి గదుల్లో గోడంత ప్యానెళ్లు పెట్టారు. అక్కడి ఏజెన్సీ మిత్రులతో మాట్లాడితే వాళ్లు చెప్పింది మాకు కొత్తగా అనిపించలేదు. కువి మాట్లాడే పిల్ల చేతిలో ట్యాబు, ట్యాబులో తెలుగు, ఇంగ్లీషు, కువి మాత్రం ఒక్క ముక్క లేదు. పగిలితే బాగుచేసే మనిషి కొండ కింద ఎక్కడో. పిల్లలు దాన్ని ఏడాది లోపే బాగా వాడడం నేర్చుకున్నారు, పాఠాలకు కాదు, పాటలకు. నవ్వుతూనే చెప్పారు. మేమూ నవ్వాం. కానీ ఆ డబ్బులో పదో వంతు పెడితే ఎన్ని బడులకు భాష తెలిసిన పంతులు వచ్చేవాడో అని వాళ్లే అన్నారు, అప్పుడు ఎవరం నవ్వలేదు.

ఇంకో రకం టెక్నాలజీ ఉంది. దాని మీద ఎవరూ వ్యాసాలు రాయరు, ఎందుకంటే అది పిల్లలకు కాదు, పంతుళ్లకు. పొద్దున బడికి రాగానే పంతులు తన ముఖం ఫోన్‌కు చూపించాలి. తర్వాత పిల్లల హాజరు. తర్వాత అన్నం ఫొటో, గుడ్ల లెక్క, మరుగుదొడ్డి ఫొటో. ఏకోపాధ్యాయ బడి. ఐదు తరగతులు, ఒకే గది, ఒకే మనిషి. మాలో ఒకరు పద్నాలుగేళ్లుగా అట్లాంటి బడిలోనే పనిచేస్తున్నారు. ఆయన బడి పల్లంలో ఉంది. సిగ్నల్ ఇప్పచెట్టు దగ్గర దొరుకుతుంది, అదీ గాలివాటం. తొమ్మిదింటికల్లా పిల్లలను గదిలో కూర్చోబెట్టి ఆయన ఇప్పచెట్టు దగ్గర ఫోన్ ఎత్తిపట్టుకొని నిలబడతాడు. గాలి గాలి తిరుగుతుంది, చుక్క తిరుగుతుంది. అరగంట. ఆ అరగంట పాఠం పోయింది, పర్వాలేదు, కానీ 'పంతులు బడిలో ఉన్నాడు' అని రుజువు చేయడానికి పంతులు బడి విడిచిపోవాల్సి వచ్చిందని ఎవరికి చెప్పాలి? ఒక రోజు ఫోన్ ఆయన ముఖం గుర్తుపట్టలేదు. ఆ నెల జీతం కాగితం మీద ఆయన ఒక రోజు రానివాడయ్యాడు. మొత్తం గూడెం పోయి సాక్ష్యం చెబుతామన్నది. సాక్ష్యం చెప్పడానికి ఆ యాప్‌లో చోటు లేదు.

పంతుళ్లు బడికి రాని మాట నిజం కాదా అని అడుగుతారు. నిజమే. మా గూడేలకు నెలకు రెండు రోజులు వచ్చి సంతకాలు పెట్టుకుపోయినవాళ్లను మేం చూశాం, వాళ్ల మీద అర్జీలు పెట్టింది కూడా మేమే. కానీ అట్లా వచ్చినవాళ్లు ఎవరు? పట్నంలో కాపురం పెట్టి, మా భాష రాక, రావాలన్న మనసు లేక, బదిలీ కోసం రోజులు లెక్కపెట్టినవాళ్లు. గూడెంలోనే ఇల్లున్న పంతులుకు హాజరు యాప్ ఎందుకు? ఆయన రాకపోతే పిల్లలే ఇంటికి పోయి లేపుతారు.

"పట్నం పిల్లలకు ఇచ్చి మీకు ఇవ్వకపోతే వివక్ష అని మీరే అంటారు కదా" అని ఒక సమావేశంలో మమ్మల్ని అడిగారు. గట్టి ప్రశ్నే. మా తల్లిదండ్రులకు కూడా ట్యాబు చేతిలో ఉన్న బిడ్డను చూస్తే గర్వం. మాలో ఉద్యోగాలున్నవాళ్లం మా పిల్లలను ఇంగ్లీషు మీడియంలో వేశాం, దాచడానికి ఏం లేదు. పట్నం పిల్లకు ఉన్నది మాకూ కావాలి. అయితే మొత్తం కావాలి. పట్నం పిల్లకు ట్యాబుతో పాటు సబ్జెక్టుకో పంతులు ఉన్నాడు, ఇంట్లో తన భాషే బడిలోనూ ఉంది, అర్థం కాకపోతే చెప్పే తల్లి ఉంది, ట్యూషన్ ఉంది. ఆ పిల్లకు ట్యాబు కూరలో ఉప్పు. మాకు కూర ఇవ్వకుండా ఉప్పు పొట్లం చేతిలో పెట్టి సమానత్వం అంటున్నారు.

ఇది మా ఒక్కరి అనుమానం కాదు. పెరూ దేశంలో పల్లె బడులకు లక్షల లాప్‌టాప్‌లు పంచారు. మాలాగే కొండల్లో, అడవుల్లో ఉండే, స్పానిష్ కాని ఇంటి భాషలున్న జనం అక్కడా ఉన్నారు. 319 పల్లె బడుల్లో పరీక్షించి చూస్తే లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకు పోయిన గుర్తు కనిపించలేదని 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ వాళ్లే రాశారు. 2023లో యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక మొత్తం చదువులో టెక్నాలజీ గురించే. ఎవరి షరతుల మీద ఈ పనిముట్టు వస్తున్నదన్నదే అందులో అడిగిన ప్రశ్న. మా షరతుల మీదైతే కాదు.

మా షరతుల మీద వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా చూశాం. ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని మామూలు ఫోన్‌తో నడిచే వేదిక ఒకటి 2010 నాటికే వచ్చింది. చదువు రాని మనిషి ఫోన్ చేసి గోండిలో తన ఊరి సంగతి చెబితే ఇంకో ఊరివాళ్లు ఫోన్ చేసి వింటారు. స్మార్ట్ ఫోన్ అక్కర్లేదు, అక్షరం అక్కర్లేదు. మా నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. అంటే ఆ లిపిని ఇప్పుడు కంప్యూటరులో, ఫోన్‌లో రాయొచ్చు. గుంజాల పెద్దలు పాత కాగితాలు దాచిపెట్టకపోతే, వాటిని చదివి నేర్పిన పెద్దవాళ్లు లేకపోతే, ఏ కంప్యూటరూ దాన్ని కనిపెట్టేది కాదు. ఆ లిపిలో ఫోన్ మీద రాయడం నేర్పే పంతులు మా బడుల్లో ఎంతమంది ఉన్నారని అడగొద్దు.

2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 'ఆది వాణి' అని అనువాదం చేసే యాప్ తెచ్చింది. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి కూడా ఉంది. సంతోషం. 2011 జనగణన లెక్కలో 29 లక్షలకు పైగా మాట్లాడే భాష, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చోటు దొరకని భాష, యాప్‌లోనైనా దొరికింది. కానీ గోండి ఒక్కటి కాదు. బస్తర్ మాట, ఉట్నూరు మాట ఒకే తీరుగా ఉండవు. మా పిల్ల మాట యంత్రానికి అర్థం కాకపోతే పిల్లదే తప్పంటారేమో అని మాకు భయం, ఎందుకంటే ఇన్నాళ్లూ అట్లాగే అన్నారు. ఇంకోటి. ఈ యంత్రాలకు నేర్పించడానికి మా అవ్వల గొంతులు రికార్డు చేసుకుపోతున్నారు. ఆ గొంతులు ఎవరివి? రేపు వాటితో తయారైనది మాకే అమ్మితే? అడవిలో ఇప్పపువ్వు మేం ఏరితే, ధర ఎవరు కట్టారో మాకు ఇంకా జ్ఞాపకం ఉంది.

కాబట్టి మేం అడిగేది ఇది. బడికి ముందు భాష తెలిసిన పంతులును పంపండి, తర్వాత పెట్టె పంపండి. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు ఏర్పాట్లు చేయమని 1956 నుంచి చెబుతోంది, విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు మాతృభాషే అంటోంది. 'వీలైనంత' అన్న మాట పట్టుకొని ఎవరూ వీలు చేయలేదు. జీవో 3 పోయింది, నిజం. స్థానిక భాష వచ్చినవాళ్లకే మా బడుల్లో ఉద్యోగం అని చట్టంగా తేవడానికి రెండు రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వానికి చేతులు కట్టేశారు? ఏ పాఠమైనా తెర మీదికి ఎక్కే ముందు ఆ గూడెం పంతులు, ఇద్దరు ముగ్గురు పెద్దలు చూసి సరే అనాలి. నెట్ లేకుండా నడవాలి. హాజరు వేయడానికి పంతులు బడి విడిచిపోవాల్సిన యాప్‌ను మా ప్రాంతాల్లో ఆపాలి. రికార్డు చేసుకున్న మా గొంతుల మీద హక్కు మా గ్రామసభకు ఉండాలి. ఇవన్నీ కొనే వస్తువులు కావు. అందుకే టెండర్లలో కనిపించవు.

మొదట చెప్పిన టీవీ సంగతి మిగిలింది. డిప్యుటేషన్ మీద పోయిన పంతులు తిరిగి రాలేదు. ఈ ఏడు గూడెం యువకుడు ఒకడు, డీఎడ్ చదివినవాడు, జీతం లేకుండా రోజూ రెండు గంటలు బడికి పోతున్నాడు. వాడు తన ఫోన్‌లో వాళ్ల అవ్వ చెప్పిన కథను రికార్డు చేసుకొచ్చాడు. చీర తీసి, వైరు పెట్టి, టీవీలోంచి అవ్వ గొంతు వినిపించాడు. బొమ్మ లేదు, నల్ల తెర, గొంతు మాత్రమే. అవ్వ కథలో పులి దగ్గరికి వచ్చేసరికి దగ్గింది. పిల్లలంతా ఒక్కసారి నవ్వారు, వాళ్లకు ఆ దగ్గు తెలుసు. వాడు ఆపి, బోర్డు మీద పులికి తెలుగులో ఏమంటారో రాశాడు. ఒకటో తరగతి పిల్ల వేలు పైకెత్తి అడిగింది, "ఆ అవ్వ మా ఇంటి పక్కనే కదా, టీవీలోకి ఎట్ల పోయింది?" అని. వాడు చెప్పడానికి కూర్చున్నాడు.

వాడికి జీతం కోసం మేం పెట్టిన అర్జీ ఐటీడీఏ ఆఫీసులో ఉంది. నాలుగు నెలలైంది. ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు.